కాయకి చిక్కం, మనిషికి నేల

కొండాపూర్‌లో మా అమ్మాయి ఉండే అపార్టుమెంటుకి రెండు వీధుల అవతల ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది. కిందటి సంక్రాంతి అయ్యాక నన్ను తనతో తీసుకెళ్ళి, ఒక ఆదివారం పొద్దున్నే "అమ్మా, నేను వారానికి మూడుసార్లు వెళ్ళే చోటు చూపిస్తా, రా" అంది. వారానికి మూడుసార్లంటే ఏ సాయిబాబా గుడో అనుకుని తలకి స్నానం చేసి బయల్దేరాను. చెప్పులు విడిచే చోటు గుమ్మంలోనే ఉంది కూడా.

లోపల అడుగు పెట్టగానే పాదం మెత్తగా దిగబడింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, అడుగు పైనే మందం ఉన్న పరుపు. బొటనవేలితో రెండుసార్లు నొక్కి చూశాను. ఆ తర్వాత తలెత్తాను. గోడ ఎత్తు పదిహేను అడుగులుంటుందేమో. కొంత నిలువుగా, కొంత మన మీదికి ఒరిగి, ఒళ్ళంతా రంగురంగుల బుడిపెలతో. పసుపు బుడిపె పట్టుకుని మొదలుపెడితే పసుపువే పట్టుకుని పైదాకా పోవాలి, ఎర్రదాని మీద కాలు వేశావా, లెక్క తప్పినట్టే. అలాంటి ఒక్కో దారిని వాళ్ళు 'ప్రాబ్లం' అంటారు. పాతికేళ్ళ పిల్లలు, సగానికి సగం ఆడపిల్లలు, చేతులకి తెల్లపొడి రాసుకుని, గోడకెదురుగా బాసింపట్టు వేసుకుని, లెక్కల మాస్టారు నల్లబల్ల మీద రాసినదాన్ని చూసినట్టు దాన్నే చూస్తున్నారు.

కొత్తగా వచ్చిన నలుగురికి అక్కడి కుర్రాడు పాఠం మొదలుపెట్టాడు. ఎక్కడం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "ముందు పడదాం" అన్నాడు. రెండు కాళ్ళ మీదా దిగాలి. మోకాళ్ళు వంచాలి. అలాగే వెనక్కి దొర్లిపోవాలి. చేతులు గుండెలకి హత్తుకోవాలి, చెయ్యి వెనక్కి ఆనించబోతే మణికట్టు పోతుంది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, మంచి పాఠం వింటే పోల్చుకోగలను. కాకపోతే ఆ పాఠం నేను యాభై ఏళ్ళ కిందటే, ఒక నాటు మామిడి చెట్టు కింద విన్నాను.

మాది నూజివీడు నుంచి ఆగిరిపల్లి వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె. నూజివీడంటే లోకానికి రసాలు, ఆ తర్వాత పనసకర్ర వీణలు. మూడో సంగతి అమ్ముడుపోయేది కాదు గనక ఎవరూ చెప్పరు: వేసవి సెలవులు ఇచ్చారంటే మా పిల్లకాయలంతా చెట్ల మీదే కాపరం. ఆడేది కోతికొమ్మచ్చి. ముళ్ళపూడి వెంకటరమణ గారు తన ఆత్మకథకి ఆ పేరే పెట్టుకున్నారు కాబట్టి పేరు చాలామందికి తెలుసు. ఆట ఎలా ఆడతారో అడిగితే మా అమ్మాయి కూడా బిక్కమొహం వేసింది.

పంటలేసుకుని దొంగని తేల్చేవాళ్ళం. చెట్టు కింద గిరి గీసి, ఒకడు ఒంటికాలి మీద నిలబడి, ఎత్తిన కాలి కింద నుంచి కర్రని సత్తువ కొద్దీ విసిరేవాడు. దొంగ పరిగెత్తి ఆ కర్ర తెచ్చి గిరిలో పెట్టేలోపు మిగతా అందరూ చెట్టెక్కేయాలి. ఇక దొంగ కూడా ఎక్కి ఎవరో ఒకర్ని ముట్టుకోవాలి. వాడు ఈ కొమ్మ మీదకి వస్తుంటే, ఆ కొమ్మ మీదున్నవాడు కిందికి దూకి కర్రని ముట్టుకున్నాడా, దొంగ మళ్ళీ దొంగే. చూడ్డానికి ఎక్కే ఆటలా ఉంటుంది గానీ, దూకడం చేతగానివాడికి అందులో బతుకు లేదు. ఎంత పైకెక్కితే అంత సులువుగా దొరికిపోతారు. తెలివైనవాళ్ళు అడ్డంగా సాగిన కొమ్మ చివరికంటా పాకి, రెండు చేతులా వేలాడి, ఊగు ఆగాక వదిలేవాళ్ళు. వేలాడితే ఎత్తు మనిషంత తగ్గుతుంది. "చెయ్యి ఆనించకే, కాళ్ళు ముడుచుకో" అని పెద్దపిల్లలు కింద నుంచి అరిచేవాళ్ళు. ఆ వేసవుల్లో ఒకబ్బాయి చెయ్యి ఆనించాడు. పక్క ఊళ్ళో కట్టు కట్టే ఆయన కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి నెలన్నర ఉంచాడు. ఆ అబ్బాయికిప్పుడు మనవలు. పెళ్ళిళ్ళలో కనపడి దణ్ణం పెడితే ఒక చెయ్యి నిటారుగా, రెండోది కొంచెం పక్కకి వస్తుంది.

నాకు పన్నెండో ఏట ఆట కట్టయింది. "ఆడది ఎక్కితే చెట్టు కాపు తప్పుతుంది" అంది నాయనమ్మ. ఆ ఏడాది నేను ఎక్కకపోయినా పూత మాడింది. ఆ మాట అంటే చెంప పగిలేదని అనలేదు.

అప్పట్నుంచి కింద నిలబడి చూడ్డమే మిగిలింది. అలా చూసినదాంట్లో నాకు బాగా గుర్తున్నది కోత.

రాలిన కాయకి ధర లేదు. ఈ వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీద నడుస్తుంది. ఈదురుగాలికి రాలినవి పచ్చళ్ళకీ ఒరుగులకీ పోతాయి. మాగేయడానికి కోసిన కాయే కావాలి. నేల మీద పడ్డ కాయ ఆ పూట నిగనిగలాడుతూనే ఉంటుంది. గడ్డిలో వేశాక దెబ్బ తగిలిన చోట నల్లబడి, తను కుళ్ళి, పక్కదాన్ని కుళ్ళబెడుతుంది. తొడిమ మొదలంటా ఊడినా నష్టమే, సొన కారి కాయ మీద చారలు కడుతుంది. అదే సొన ఒంటి మీద పడితే పొక్కులు. అందుకని కాయని తొడిమతో సహా, దించుతున్నట్టు తెలియకుండా దించాలి. దానికి చిక్కం. వెదురు గడ చివర ఇనప రింగు, రింగుకి చిన్న కత్తి, కింద వేలాడే వల సంచి. తొడిమని కత్తికి తగిలించి ఒక్క గుంజు గుంజితే కాయ వలలోకి జారుతుంది.

గడ అందని చోటికి మనిషి వెళ్ళాలి. మా తోటకి ఏటా వచ్చే ఒక పెద్దాయన్ని మేం చిక్కం తాత అనేవాళ్ళం. ఆయన పాదాలు మన పాదాల్లా ఉండేవి కావు, బొటనవేలు మిగతా వేళ్ళకి ఎడంగా, దేన్నో పట్టుకోబోతున్నట్టు ఉండేది. గోచీ పైకి బిగించి, ఎర్రచీమలకి ఒంటికి బూడిద రాసుకుని, చెట్టు మొదట్లో చెప్పులు విడిచి, మాను మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకుని ఎక్కేవాడు. కొత్త కొమ్మ మీద బరువు వేసే ముందు అరచేత్తో ఒక దెబ్బ వేసి ఆ చప్పుడు వినేవాడు. మునగని నమ్మకూడదు, చింతని నమ్మొచ్చు, మామిడిని అడిగి నమ్మాలి అనేవాడు. పైనున్న కొమ్మకి గంప కట్టుకుని, నిండాక తాడు వదులుతూ కిందికి దించేవాడు. గంప అడుగున గడ్డి, గోనె. కింద ఇద్దరు ఆడకూలీలు దాన్ని పసిబిడ్డని అందుకున్నట్టు అందుకునేవాళ్ళు.

నేను ఇంటర్ చదివే ఏడాది, కాపు అయిపోవచ్చాక, గట్టు మీది నాటు చెట్టు నుంచి తాత పడ్డాడు. ఎండు కొమ్మ చప్పుడు అబద్ధం చెప్పింది. నేను పరిగెత్తుకు వెళ్ళేసరికి మంచం మీద వేసి తీసుకెళ్తున్నారు. తలెత్తి చూస్తే సగం నిండిన గంప తాడుకి వేలాడుతూ అలాగే ఉంది. ఒక్క కాయ రాలలేదు.

గుత్తేదారు బియ్యం బస్తా పంపించాడు, బాకీ ఉన్న కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో అది మంచితనం కింద లెక్క. తుంటి అతుక్కుంది గానీ తాత మళ్ళీ ఎక్కలేదు. తర్వాతి వేసవుల్లో పాకలో కూచుని కాయలు ఏరేవాడు, చేత్తో తూచి ఇది రేపటిది, ఇది ఎల్లుండిది అని వేరు చేసేవాడు.

ఆ నాటు చెట్ల సంగతి కొంచెం చెప్పాలి. మేకా వారి జమీందారీ రోజుల నుంచి మా వైపు తోటలున్నాయి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాక జమీలు పోయాయి గానీ చెట్టుకి చట్టంతో పని లేదు. టెంక నుంచి మొలిచిన నాటు చెట్టు కాపుకి రావడానికి ఎనిమిదీ పదేళ్ళు తీసుకుంటుంది, నిటారుగా పోతుంది, అరవై డెబ్భై అడుగులు కూడా ఎదుగుతుంది. తాత ముత్తాతలు నాటితే మనవలు ఎక్కే ఎత్తు. అంటుమామిడి అలా కాదు. తల్లిచెట్టు కొమ్మ దాకా కుండీలో మొక్కని పందిరి మీద ఎత్తి నిలబెట్టి, రెండిటి బెరడూ చెక్కి, కలిపి కట్టి, రెండు మూడు నెలలు కాపాడితే అంటు అతికేది. మా నాన్న ఆ కట్టు విప్పే రోజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అంటు నాలుగైదేళ్ళకే కాపు పడుతుంది, కింద నుంచే కొమ్మలేస్తుంది. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, బంగినపల్లి, కలెక్టరు అన్నీ అంటుగానే నిలబడ్డాయి. పది మీటర్లకొకటి చొప్పున ఎకరానికి నలభై చెట్లు అనేది మా నాన్న లెక్క. ఇప్పుడు ఐదు మీటర్లకొకటి వేసి ఎకరానికి నూట అరవై పెంచుతున్నారు, ఏటా కోత అవగానే తల నరికి పొట్టిగా ఉంచుతున్నారు. నేల మీద నిలబడి అల్యూమినియం గడతో కోసేస్తున్నారు. మందు కొట్టడానికి వీలు, కోతకి కూలి తక్కువ, పైగా ఎవరూ పడరు. నేను దీనికి ఏడవను. చిక్కం తాత తుంటిని చూసినవాళ్ళెవరూ పొడుగు చెట్ల కోసం ఏడవరు.

చెట్లు మా దగ్గర పొట్టివవుతున్న కాలంలోనే, దూరదేశాల్లో కొందరు డబ్బు పెట్టి గోడలు కట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. ఇది మా అమ్మాయి చెప్పినదానికి నేను చదివి కలుపుకున్నది. సోషల్ టీచర్ని, తారీఖు లేకపోతే నాకు తోచదు.

పారిస్ పక్కన ఫాంటెన్‌బ్లో అడవిలో ఇసకరాతి గుండ్లున్నాయి. ఆల్ప్స్ కొండల దాకా వెళ్ళలేని ఆదివారాల్లో పారిస్ వాళ్ళు వాటిని ఎక్కి సాధన చేసేవాళ్ళు. పియెర్ అలెన్ అనే ఆయన 1930లలో అందుకోసమే రబ్బరు అడుగుతో బూట్లు తయారు చేశాడు. ఆ బూట్ల గురించి రాసేవాళ్ళు చాలామంది. నాకు ముఖ్యమనిపించింది మాత్రం ఆ గుండ్ల కింద చాలాచోట్ల ఇసక ఉండడం. తాడు లేకుండా గుండ్లెక్కే ఆట అక్కడ అంత బాగా పాదుకుందంటే, పడితే లేచి దులుపుకోవచ్చు గనకేనని నా అనుమానం. అమెరికాలో 1950లలో జాన్ గిల్ అనే కుర్రాడు జిమ్నాస్టులు చేతికి రాసుకునే తెల్లపొడిని బండల దగ్గరికి తెచ్చాడు. తర్వాత ఆయన లెక్కల ప్రొఫెసరయ్యాడట. గోడ ముందు కూచున్న పిల్లల మొహాల్లో లెక్కల క్లాసు కనిపించడంలో నా తప్పేం లేదు.

ఇంగ్లండులో లీడ్స్ యూనివర్సిటీలో డాన్ రాబిన్సన్ అనే వ్యాయామ అధ్యాపకుడు 1964లో ఒక కారిడార్ ఇటుక గోడలో రాళ్ళు పొదిగించాడు. చలికాలం వస్తే కొండలు తడిసిపోతాయి, పిల్లలకి సాధన ఉండదు. గుర్రప్పందేలవాళ్ళకీ ఫుట్‌బాల్ వాళ్ళకీ ఉన్న తాలీము కొండెక్కేవాళ్ళకి ఎందుకు ఉండకూడదు? కారిడార్లో గోడెక్కిన కుర్రాళ్ళు తర్వాతి ఏళ్ళలో అసలు కొండల మీద పెద్దవాళ్ళని దాటిపోయారు. 1987లో సియాటిల్‌లో, టికెట్టు పెట్టి ఎక్కించే జిమ్ముల్లో అమెరికాకి మొదటిది తెరిచారు. పరుపు రావడానికి మాత్రం ఇంకా కొన్నేళ్ళు పట్టింది. గుండ్ల కింద మడతపెట్టి మోసుకెళ్ళి పరుచుకునే పరుపులు అంగట్లోకి వచ్చింది 1990లలో. మనిషి చంద్రుడి మీద దిగి ఇరవై ఏళ్ళు దాటితే గానీ గుండు మీద నుంచి నేల మీద దిగడానికి ఏర్పాటు దొరకలేదు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో ఈ ఎక్కడం ఒలింపిక్ ఆట కూడా అయింది. పరుగులా ఎక్కే పోటీలో గోడ ఎత్తు 15 మీటర్లు, అంటే మా గట్టు మీది చెట్టులో తాత గంప కట్టుకునే కొమ్మంత. 2024లో పారిస్‌లో సామ్ వాట్సన్ అనే అమెరికా కుర్రాడు దాన్ని 4.74 సెకన్లలో ఎక్కేశాడు. తాతకి బీడీ ముట్టించుకోవడానికి అంతకంటే ఎక్కువ పట్టేది. వాట్సన్ నడుముకి తాడు ఉంది, అది కూడా చెప్పాలి.

హైదరాబాదులో ఇంకో తమాషా. ఊరంతా గుండ్లే, సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. మందుగుండు పెట్టి వాటిని పేల్చేస్తుంటే చూడలేక 1996లో కొందరు రాళ్ళను కాపాడే సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. అలా చదును చేసిన నేల మీద లేచిన కాలనీల మధ్య, రేకుల షెడ్డులో, ప్లాస్టిక్ రాళ్ళు. మా అమ్మాయితో ఆ మాటంటే "అమ్మా, ఆఫీసు అయ్యాక రాత్రి తొమ్మిదింటికి ఏ గుండు ఎక్కమంటావ్?" అంది. లీడ్స్ మాస్టారి జవాబు కూడా దాదాపు అదే కదా, ఊరుకున్నాను.

"నువ్వూ ఎక్కుతావా?" అంది. చీరలో రావడం ఎంత పొరపాటో అప్పుడు తెలిసింది. తన బ్యాగులోంచి ట్రాక్ ప్యాంటు తీసి ఇచ్చింది, అంటే ముందే అనుకుని వచ్చిందన్నమాట, దొంగముండ. బూట్లు అద్దెకిచ్చారు. వేళ్ళు ముడుచుకుపోయేంత బిగుతు. నాలుగు బుడిపెలు ఎక్కాను. మొదటి రెండిటికీ చెయ్యి నిండా పట్టు దొరికింది, మూడోది సబ్బుబిళ్ళలా ఉంది, నాలుగోది వేలి కణుపులంత. అంతే, ముంజేతులు రాళ్ళయిపోయాయి. కిందికి చూశాను. అక్కడ ఏం చేయాలో నా తలకాయ ఆలోచించేలోపు ఒళ్ళే చేసేసింది. రెండు చేతులా వేలాడి, ఊగు ఆగనిచ్చి, వదిలేశాను. మోకాళ్ళు వంగాయి, చేతులు గుండెలకొచ్చాయి. వెల్లకిలా పడుకుని రేకుల కప్పుని చూస్తుంటే ఆ కుర్రాడు వంగి, "ఆంటీ, పడడం మీకెవరు నేర్పారు?" అన్నాడు.

"కోతులు, నాయనా" అన్నాను.

బయటికొచ్చాక, నన్ను భువనగిరి తీసుకెళ్ళి అక్కడి కొండ చూపించమని అడిగాను. ఐదువందల అడుగుల పైచిలుకు ఒకే రాయి, మీద చాళుక్యుల కాలపు కోట. కారాపి కింద నుంచే చూశాం. 2013లో సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లల్ని ఎంచి ఇక్కడే తాడు కట్టి ఎక్కించడం నేర్పారు. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనికతో, శిక్షకుడు శేఖర్ బాబు చేతుల్లో. వాళ్ళలోంచి మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. ఆ వార్త వచ్చిన రోజు మా స్కూల్లో వేసవి సెలవులు. జూన్‌లో బడి తెరిచాక తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి పటం మీద ఎవరెస్టు చూపించి, పూర్ణ ఎటు నుంచి ఎక్కిందో, టిబెట్ వైపు నుంచి, పుల్లతో గీసి చెప్పాను. నాయనమ్మ మాట కూడా చెప్పాను. నవ్వారు.

మన దగ్గర ఎక్కడం పొట్టకూటి పని అయినవాళ్ళకి తాడు ఎప్పుడొచ్చిందో చూద్దామని వెతికితే, నాకు దొరికిన తేదీ మొన్నమొన్నటిది. తాటిచెట్లెక్కే గీత కార్మికులు తరతరాలుగా నమ్ముకున్నది మోకునే. అది జారితే ఇంకేం లేదు. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' అని భద్రతా కిట్లు పంచడం మొదలుపెట్టింది. ఫొటోల్లో చూశాను. తాడు, పట్టీలు, లింకులు, కొండెక్కేవాళ్ళ సరంజామా లాంటిదే. అరవై ఏళ్ళ గౌడ పెద్దమనిషి ఒకాయన అవి తగిలించుకుని, కొత్త చొక్కా తొడిగిన పిల్లాడిలా మొహమాటంగా నిలబడ్డాడు. మామిడి ఎక్కేవాళ్ళకి ఏ కవచమూ రాలేదు, ఇది వచ్చేసరికి ఎక్కేవాళ్ళే మిగల్లేదు.

ఈ మే నెలలో ఇంటికి వెళ్ళాను. ఊరు 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారింది. తోట తమ్ముడిది. కోతకొచ్చిన కుర్రాళ్ళు నున్న మార్కెట్టుకి బండి నింపుతున్నారు. పద్దెనిమిదేళ్ళ వాణ్ణి ఒకణ్ణి "ఎప్పుడైనా చెట్టెక్కావా బాబూ?" అని అడిగాను. "కింద నించుంటే అందుతుంటే ఎందుకండీ ఎక్కడం?" అన్నాడు. గడ చివర చిక్కం ఇప్పుడు నైలాన్‌ది, నీలం రంగు. మిగతాదంతా అదే. తొడిమ తెగింది, కాయ వలలోకి జారింది, చప్పుడు లేదు.

గట్టు మీది నాటు చెట్టు ఒక్కటి ఉంది ఇంకా. అది ఇప్పుడు గట్టు కాదు, వీధి. మేం దూకే కొమ్మ పాక్కుంటూ పోయి వీధి మీదికి సాగింది. కింద సిమెంటు రోడ్డు పడింది. నిలబడి చెయ్యెత్తి చూశాను, కొమ్మ అందడానికి ఇంకా రెండు మూరలుంది. చెప్పు విడిచి బొటనవేలితో కింద నొక్కాను. మిట్టమధ్యాహ్నం, కాలింది.